పొడుగువారు అనర్హులు

పోయిన వారం మనం లోహితని మేడ మీద, చేతిలో తడి తువ్వాలుతో నిలబెట్టి వెళ్ళిపోయాం. పాపం ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. తువ్వాలూ ఆరలేదు, గుండె దడా తగ్గలేదు.

మధ్యలో పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ తిరిగి కథ మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఐర్లాండులో, కార్క్ పక్కన బాలింకాలిగ్‌లో శేషగిరిరావు ఇల్లు. కింద ఆయన, భార్య నాగరత్నం, పద్నాలుగేళ్ళ కూతురు నిఖిల. పైన మూడు గదుల్లో అయిదుగురు అమ్మాయిలు అద్దెకి. అన్నిట్లోకీ చిన్న గది లోహితది. అందులో తలుపు తీయాలంటే ముందు మంచమెక్కాలి. జగిత్యాల నుంచి వచ్చిన ఈ పిల్ల యూనివర్సిటీలో పద్దెనిమిదో శతాబ్దపు యూరప్ రచయితలు పెద్దమనుషుల్ని ఎలా వెక్కిరించారో చదువుతోంది. ఇది కూడా ఒక చదువేనా అని వాళ్ళ నాన్న ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు. ఇంకో ఆరు వారాల్లో థీసిస్ ఇవ్వాలి. అందులో మూడో చాప్టర్ ప్రింటు రెండు వారాల కిందట గదిలోంచి మాయమైంది.

మూడు వారాల కిందట మాయమైన మనిషి కూడా ఒకరున్నారు. మృదుల. పొట్టి పిల్ల, మాట నెమ్మది. శేషగిరిరావు ఆమె మంచాన్ని ఎవరో స్నేహితుడి మేనకోడలికి మాట ఇచ్చేసి, ఖాళీ చేయమన్నాడు. మృదుల ఏడవలేదు, గొడవ పడలేదు. "పోర్ట్‌లీష్‌లో మా అక్క డాక్టరు, అంకుల్. అక్కడికి పోతా" అని సూట్‌కేసు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది. అంత దూరం నుంచి రోజూ రైల్లో వచ్చే పిల్ల పొద్దున తొమ్మిది గంటల క్లాసుకి అందరికంటే ముందు, తలంటు పోసుకుని ఎలా కూర్చుంటోందో లోహితకి అర్థం కాలేదు.

ఆ తర్వాత వారానికే మేడ మీద హాట్ ప్రెస్ తలుపుకి ఒక కాగితం అంటుకుంది: "ట్యాంకు లీకు. తెరవొద్దు." హాట్ ప్రెస్ అంటే భయపడకండి. ఈ దేశంలో అల్మారాని ప్రెస్ అంటారు. వేడినీళ్ళ ట్యాంకు ఉన్న అల్మారా హాట్ ప్రెస్. ఎండ మొహం ఎరగని ఈ ఊళ్ళో తువ్వాళ్ళు ఆరేది అందులోనే. లీకంటూనే రెండు వారాలు గడిచాయి. పైన చుక్క నీరు కారలేదు. శనివారం పొద్దున మిగతా అమ్మాయిలంతా షాపుల్లో పనికి పోయాక, లోహిత ఆ కాగితాన్ని పక్కకి తోసి తలుపు లాగింది. అది వేలెడంత కదిలి ఆగింది. ఎవరో లోపలి నుంచి పట్టుకున్నట్టు ఆగింది.

అదే క్షణంలో కింది నుంచి శేషగిరిరావు కేక పెట్టాడు.

"లోహితా! కిందికి రా!"

*

వంటింట్లో కాఫీ వాసన, మాడిన పెసరట్టు వాసన కలిసిపోయి ఉన్నాయి. టేబుల్‌కి ఒక పక్క శేషగిరిరావు కూర్చున్నాడు. ఆయన, ఊరి నది పేరు మీద పెట్టిన లీ తీరం తెలుగు సంఘానికి అధ్యక్షుడు. పక్కనే సంఘం కార్యదర్శి వెంకట్, లాప్‌టాప్ తెరుచుకుని, తప్పు చేసిన పిల్లాడిలా తల దించుకుని ఉన్నాడు. ఎక్కడో దూరాన లెపర్డ్స్‌టౌన్‌లో ఉన్న కంపెనీకి ఇంట్లోంచే పనిచేసే మనిషి కాబట్టి ఏ పంచాయితీకి పిలిచినా దొరికిపోతాడు. నిఖిల కౌంటర్ మీద కూర్చుని కాళ్ళాడిస్తోంది. నాగరత్నం పొయ్యి దగ్గర, అందరికీ వీపు పెట్టి అట్లు పోస్తోంది.

"కూర్చో," అన్నాడు శేషగిరిరావు.

"టవల్ ఆరేసి వస్త, అంకుల్."

"టవల్ సంగతే మాట్లాడదాం. కూర్చో."

లోహిత కూర్చుంది. ఆయన ఒక కాగితం ముందుకి తోశాడు. గురువారం సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చిన ప్రతిపాదన. ఎర్ర పెన్నుతో గీతలు కొట్టి, అంచుల్లో ప్రశ్నార్థకాలు పెట్టి, దానిని ఆయన పరీక్ష పేపరులా దిద్దాడు.

"చదువు. పైకి చదువు."

లోహిత చదివింది.

"మాన్య సభ్యులకు నమస్కారం. మన విద్యార్థినులకు గదులు దొరకడం లేదన్న బెంగ ఇక అక్కర్లేదు. మన ప్రతి ఇంటి మేడ మీదా ఒక హాట్ ప్రెస్ ఉంది. అందులోని వెచ్చదనాన్ని ఇన్నాళ్ళూ మనం తువ్వాళ్ళకిచ్చి పాడుచేశాం. తువ్వాలు ఫీజు కట్టదు, డిగ్రీ తెచ్చుకోదు. కింది రెండు చెక్కలు తీసేస్తే అయిదడుగుల రెండంగుళాల మనిషి మోకాళ్ళు కొద్దిగా ముడుచుకుని హాయిగా పడుకోవచ్చు. పొడుగువారు అనర్హులు. తెల్లవారుజామున నాలుగున్నరకి ట్యాంకు మూడుసార్లు దగ్గుతుంది. భయపడరాదు, దానినే అలారం అనుకోవాలి. ఒకే ఇంట్లో అయిదుగురికి చోటిచ్చిన మన అధ్యక్షులవారు ఇప్పటికే దారి చూపారు. ఆరో మనిషికి చోటెక్కడ అని వారు మథనపడుతున్నారని తెలిసి, వారి బాధ చూడలేక ఈ విన్నపం."

చివరి వాక్యానికి వచ్చేసరికి లోహిత పెదవి ఒకటి మాట వినలేదు. కొంచెం వంకర తిరిగింది.

"నవ్వావు! వెంకట్, చూశావా? నవ్వింది!"

"లే అంకుల్. మిరపకాయ పొగ."

శేషగిరిరావు కోపానికి అసలు కారణం ఆ కాగితంలో లేదు. దాని కింద ఉంది. గురువారం సాయంత్రం ఆయన దీన్ని ఒకసారి చదివి, రెండోసారి చదివి, అధ్యక్షులవారు దారి చూపారన్న చోట మనసు నిండిపోయి, నాలుగొందల మంది ఉన్న గ్రూపులో జవాబు పెట్టాడు: "ధన్యవాదములు. నా బాధ్యత మాత్రమే నిర్వర్తించాను." పక్కన దణ్ణం పెట్టే చేతులు మూడు జతలు. పావుగంట తర్వాత నిఖిల ఫోన్ చూసి, "డాడ్, దే ఆర్ స్లాగింగ్ యూ, లైక్" అంది. అంటే ఏంటని అడిగాడు. వెక్కిరిస్తున్నారని చెప్పింది. అప్పటికి ఆ ధన్యవాదానికి డెబ్భై రెండు మంది చప్పట్లు కొట్టేశారు. తీసేద్దామంటే తీసేశాడని స్క్రీన్‌షాట్లు తిరుగుతాయి. ఉంచుదామంటే పరువు. రెండు రోజులుగా ఆయన తిండి సరిగ్గా తినలేదు.

"పంపింది ఎవరో తెల్వదా?" అంది లోహిత, వెంకట్ వైపు చూస్తూ.

"కొత్త ఈమెయిల్ ఐడీ. పేరు చూస్తే 'శ్రేయోభిలాషి'. ఫార్మాట్ బావుంది, సబ్జెక్ట్ లైన్ ఉంది, నమస్కారం ఉంది. మన కమిటీ మెంబరే ఎవరో అనుకున్నా. 'మంచి చొరవ, సభ్యులు అభిప్రాయాలు తెలపగలరు' అని పెట్టి ఫార్వర్డ్ చేసేశా."

"అభిప్రాయాలు వచ్చినయా?"

వెంకట్ గొంతు సవరించుకున్నాడు. "వచ్చాయి. ఇళ్ళున్నవాళ్ళు ముగ్గురు మా ప్రెస్ కొలతలు ఇవీ అని పంపారు. ఒక డాక్టరుగారు దంపతులకి కుదురుతుందా అని అడిగారు. స్టూడెంట్స్ తొమ్మిది మంది అప్లికేషన్ ఫారం అడిగారు."

"నిజంగనా?"

"ఒకమ్మాయి అయితే, తను అయిదడుగుల మూడంగుళాలు, ఒక్క అంగుళానికి మినహాయింపు ఇస్తారా అంది."

ఈసారి లోహితకి నవ్వు రాలేదు. ఎవరికీ రాలేదు. పొయ్యి మీద అట్టు చుయ్యిమంది.

"ఇట్స్ కైండా సాడ్, లైక్," అంది నిఖిల.

"నువ్వు మాట్లాడకు," అన్నాడు శేషగిరిరావు. "చూడమ్మా లోహితా, నేను పల్లెటూరోణ్ణే గానీ చెవులున్నయ్ నాకు. మొన్న ఉగాది ఫంక్షన్లో స్టేజీ ఎక్కి ఇరవై నిమిషాలు మాట్లాడావు. గుర్తుందా?"

ఎందుకు గుర్తుండదు? రెండో నిమిషానికే పులిహోర వచ్చిందని ఎవరో అన్నారు. హాలు హాలంతా లేచిపోయింది. అధ్యక్షుడు ముందు వరసలోంచి లేస్తే బావుండదు కాబట్టి శేషగిరిరావు ఒక్కడే కూర్చుండిపోయాడు.

"ఆ రోజు ఏం చెప్పావు? అప్పట్లో వెక్కిరించేవాళ్ళు తిట్టేవాళ్ళు కాదన్నావు. మొహం సీరియస్‌గా పెట్టి ఘోరమైన మాట చెప్పాలన్నావు. కొలతలూ లెక్కలూ వేసి చెప్పాలన్నావు. మర్యాదగా, మీ మేలు కోసమే అన్నట్టు చెప్పాలన్నావు. చదివేవాడు సగం దాకా తలూపి, ఆ తర్వాత, ఓరి, ఇది నన్నే కదా అని ఉలిక్కిపడాలన్నావు." ఆయన వేలితో కాగితం మీద పొడిచాడు. "ఇదుగో సీరియస్ మొహం. ఇయ్యిగో కొలతలు. ఇదుగో మర్యాద. తలూపినోణ్ణి నేను. ఇంకేం కావాలి?"

లోహితకి ఒక పక్క భయం, ఒక పక్క పిచ్చి సంతోషం. తన సూపర్‌వైజర్ కూడా ఇంత బాగా ఒక్క ముక్కలో చెప్పలేదు. ఐర్లాండు మొత్తంలో తన ఉపన్యాసం పూర్తిగా విన్నది ఒకే ఒక్క మనిషి. ఆ మనిషే ఇప్పుడు తనను వెళ్ళగొట్టబోతున్నాడు.

"నేను రాయలే, అంకుల్. ఒట్టు."

"మరెవరు? ఈ ఊళ్ళో ఇలాంటి చదువు ఇంకెవరికుంది?"

"చదువుకున్నోళ్ళే రాయాలని ఏం లేదు. అప్పట్ల గూడ రాసినోళ్ళ పేర్లు ఎవరికీ దొరకకపోయేవి. మంత్రుల మీద, గుళ్ళల్ల గురువుల మీద, జమీందార్ల మీద రాసేటోళ్ళు. పేరు పెట్టకపోయేటోళ్ళు. చేతిరాత గుర్తుపడ్తరని వేరేవాళ్ళతోని కాపీ రాయించి, అచ్చాపీసు గుమ్మంలో పడేసి పోయేటోళ్ళు."

నాగరత్నం చేతిలో అట్లకాడ ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

"అచ్చేసినోణ్ణి పట్టుకుంటే సరిపోయేదిగా?" అన్నాడు వెంకట్, ఆసక్తి ఆపుకోలేక.

"పట్టుకునేటోళ్ళు. తలుపు కొట్టి, రాసినోని పేరు చెప్పు, నిన్ను వదిలేస్తం అనేటోళ్ళు. కొందరు చెప్పిన్రు. కొందరు చెప్పలే, జైలుకు పోయిన్రు."

"ఇక్కడ అచ్చేసింది ఎవరు?" శేషగిరిరావు మెల్లగా వెంకట్ వైపు తిరిగాడు.

వెంకట్ లాప్‌టాప్ టక్కున మూసేశాడు. "అన్నయ్యా, నేను ఫార్వర్డ్ చేశానంతే! కావాలంటే పోలీసులకి, గార్డ్స్‌కి కంప్లైంట్ ఇద్దాం."

"గార్డ్స్‌కి ఏమని చెబుతావురా? మా అధ్యక్షుణ్ణి పొగిడారు, పట్టుకోండి అనా?"

కౌంటర్ మీద నిఖిల ముక్కులోంచి శబ్దం వచ్చింది. శేషగిరిరావు పట్టించుకోలేదు. కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"ఇదుగో లోహితా. ఇయ్యాళ సాయంత్రం అయిదింటికి చర్చివాళ్ళ పారిష్ హాల్లో కమిటీ మీటింగ్. నువ్వే రాశావో, ఎవరు రాశారో, నాకు పేరు కావాలి. పేరు చెప్తే నీ గది నీది. చెప్పకపోతే రేపు మధ్యాహ్నానికి ఖాళీ చెయ్. మా ఇంట్లో ఉంటా మా ఉప్పు తింటా మమ్మల్నే..." మిగతా మాట మింగేశాడు.

రేపు మధ్యాహ్నం.  ఈ గది దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. తొంభై ఆరు ఉత్తరాలు రాస్తే జవాబు వచ్చింది రెంటికి. అందులో ఒకటి, కుక్కని కూడా చూసుకోవాలన్న షరతుతో. ఆరు వారాల్లో థీసిస్. పుస్తకాలు ఎక్కడ పెట్టాలి, తను ఎక్కడ పడుకోవాలి?

భయంలో మనిషి తనకు తెలిసిన విద్యే వాడతాడు. లోహిత కాగితం లాక్కుంది.

"అంకుల్, నేను రాస్తే గిట్ల రాయ. వెక్కిరించేటోళ్ళు కల్పిస్తరు. ఇది కల్పించింది కాదు. ఇది కొలిచింది. కింది రెండు చెక్కలు తీస్తే అయిదు అడుగుల రెండు అంగుళాలు పడ్తదని ఊహించి ఎవరు రాస్తరు? నాలుగున్నరకు ట్యాంకు మూడుసార్లు దగ్గుతదని ఎవరికెర్క? నా గది దాని పక్కనే, నాక్కూడ తెల్వదు. నేను అయిదు అడుగుల ఏడు అంగుళాలు. నేను రాస్తే నా సైజుకే రాసుకుంట గద?"

వెంకట్ ఆమెను పైనుంచి కిందిదాకా చూసి తలూపాడు. "పాయింటే."

"ఇది రాసినోళ్ళు," అంది లోహిత, గెలిచేస్తున్నానన్న ఊపులో, "అందుల పండుకున్నోళ్ళు."

ఆ మాట నోట్లోంచి బయటపడిన తర్వాత గానీ దాని బరువు ఆమెకి తెలియలేదు. వంటింట్లో అట్టు చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఎందులో?" అన్నాడు శేషగిరిరావు నెమ్మదిగా. "ఎవరింటి ప్రెస్‌లో?"

 అదృష్టం కొద్దీ, లేక దురదృష్టం కొద్దీ, హాల్లో వీధి తలుపు మెత్తగా మూసుకున్న చప్పుడు.

"ఎవరే అది?" అన్నాడు శేషగిరిరావు.

"గాలి," అంది నాగరత్నం, వెనక్కి తిరక్కుండానే.

లోహిత కిటికీలోంచి చూసింది. వీధిలో చెట్టు ఆకు కదలడం లేదు.

"లీకు కాగితం," అన్నాడు శేషగిరిరావు హఠాత్తుగా. మనిషి మందకొడి కావచ్చు, మొద్దు మాత్రం కాదు. "మన ప్రెస్ మీద లీకని కాగితం ఉందిగా. రెండు వారాలైంది. రత్నం, ప్లంబర్‌కి ఫోన్ చేశావా?"

"నేనా? ఆ కాగితం పెట్టింది మీరుగా. మీరే చేశారనుకున్నా."

"నేనెందుకు పెడతా? నువ్వు పెట్టావనుకున్నా!"

"నాకేం పని? నేను పైకెక్కి ఎన్నాళ్ళయిందో. మోకాళ్ళు పడిపోయినయ్." నాగరత్నం అట్టు తిరగేసింది. మొహంలో ఒక్క గీత కదలలేదు. "తిని వెళ్ళండి, చల్లారిపోతది."

శేషగిరిరావు భార్యని చూశాడు, కూతుర్ని చూశాడు, వెంకట్‌ని చూశాడు. అందర్నీ కొత్తగా చూశాడు. ఆ ఇంట్లో పొద్దున కాఫీ తాగినప్పుడున్న మనుషులు ఇప్పుడు లేరు ఆయనకి.

"స్క్రూడ్రైవర్ ఎక్కడుంది?" అన్నాడు.

"షెడ్‌లో," అంది నిఖిల.

ఆయన వెనక తలుపు తీసుకుని షెడ్ వైపు నడిచాడు. వెంకట్ ఎందుకో తెలియకుండానే వెనకాల వెళ్ళాడు. నాగరత్నం పొయ్యి ఆపలేదు, తిరగలేదు. "టవల్ ఆరేసుకుంటానన్నావుగా," అంది లోహితతో. "వెళ్ళు మరి."

అది మామూలు మాటో, హెచ్చరికో లోహితకి అర్థం కాలేదు.

*

మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. హాట్ ప్రెస్ తలుపు పట్టి లాగింది. ఇందాక మొండికేసిన తలుపు ఇప్పుడు వెన్నలా తెరుచుకుంది.

బిగుసుకున్న తలుపు అరగంటలో దానంతటది వదులవ్వదు. లోహిత దాని లోపలి వైపు చూసింది. అక్కడ, రొమ్ము ఎత్తులో, కొత్త ఇత్తడి గడియ ఒకటి బిగించి ఉంది. అల్మారాకి లోపలి నుంచి గడియ ఎవరు పెట్టుకుంటారు?

వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. కొబ్బరినూనె వాసన. కింది రెండు చెక్కలూ తీసి ట్యాంకు వెనక నిలబెట్టి ఉన్నాయి. పసుపు పూల బొంత నాలుగు మడతలు పెట్టి ఉంది. మడత ఇంకా సరిగ్గా కుదరలేదు, ఎవరో హడావుడిగా మడిచి వెళ్ళారు. దాని మీద ఒక చిన్న టార్చిలైటు, ఒక దువ్వెన. దానికి పళ్ళు రెండు విరిగి ఉన్నాయి, అది మృదులదేనని పైన అందరికీ తెలుసు.

బొంత కింద కాగితాలు. లోహిత లాగింది. తన మూడో చాప్టర్! అచ్చాపీసుల మీద, పేర్లు లేని రచయితల మీద తను రాసినదంతా పెన్సిల్ గీతలతో నిండిపోయి ఉంది. పేరు దాచుకోవడం, చేతిరాత దాచుకోవడం అన్న చోట గీత రెండుసార్లు. శేషగిరిరావు తర్వాత తన చదువుని ఇంత శ్రద్ధగా పట్టించుకున్న రెండో మనిషి ఈ అల్మారాలో ఉండేదన్నమాట.

కాగితాల వెనక వైపు పెన్సిల్‌తో కొత్త రాత. ఫ్రిజ్‌లో పాలడబ్బాల మీద పేరు రాసే అదే గుండ్రటి రాత. మృదుల చేయి.

"రెండవ ప్రతిపాదన. అధ్యక్షులవారి భార్యకు ఇంట్లో ప్రత్యేకంగా గది అక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా ఆమె పొయ్యి దగ్గరే నిలబడి ఉంది. నిలబడే నిద్రపోవడం నేర్పితే ఆ మంచం కూడా అద్దెకివ్వవచ్చు. ఆమెకు వీపు తప్ప మొహం ఉన్నదని ఇంట్లో ఎవరూ గమనించలేదు కనుక అభ్యంతరం ఉండదు..."

 రాత మృదులది. మాట మృదులది కాదు. ఇరవై ఏళ్ళ లెక్క మృదులకి ఎక్కడిది?

ట్యాంకు పక్కన స్టీలు డబ్బా ఒకటి కనిపించింది. ముట్టుకుంటే వేడిగా ఉంది. లోపల పెసరట్టు, అల్లం పచ్చడి. మూత తిరగేసింది. మనవాళ్ళు గిన్నె పోకుండా దాని మీద పేరు చెక్కించుకుంటారు కదా. తెనాలి స్టీలు కొట్టులో చుక్కలు చుక్కలుగా పొడిచిన అక్షరాలు, అన్నేళ్ళయినా చెక్కుచెదరలేదు: "చి.ల.సౌ. నాగరత్నం."

మోకాళ్ళు పడిపోయిన మనిషి. పైకెక్కి ఎన్నాళ్ళయిందో తెలియని మనిషి. పొద్దుటి నుంచి ఆ ఇంట్లో మొహం అన్నిటికంటే సీరియస్‌గా పెట్టింది ఎవరో లోహితకి అప్పుడు తెలిసింది.

మెట్ల మీద అడుగులు.

"ఏవండీ, ఆగండి," కింది నుంచి నాగరత్నం గొంతు. "అది తీస్తే నీళ్ళన్నీ హాల్లోకి వస్తయ్!"

"రానీ!"

లోహిత చేతిలో డబ్బా, చంకలో కాగితాలు. తన గది నాలుగడుగుల దూరంలోనే ఉంది గానీ, అక్కడికి పోవాలంటే మెట్ల తల దగ్గర వాళ్ళకి ఎదురుపడాలి. ఆలోచించే టైమ్ లేదు. వెనక్కి వెనక్కి జరిగి ప్రెస్‌లోకి దూరింది, తలుపు లాక్కుంది, చేయి దానంతటదే గడియ మీద పడింది. టక్.

చీకటి. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి, తల పై చెక్కకి కొట్టుకుంది. పొడుగువారు అనర్హులని రాసినమ్మ ఊరికే రాయలేదు.

బయట పిడి తిరిగింది. తలుపు కదిలి ఆగింది.

"రావట్లేదేంటి?" వెంకట్ గొంతు. "స్క్రూలు బిగుసుకున్నాయా?"

"స్క్రూలు కాదురా," శేషగిరిరావు గొంతు హఠాత్తుగా తగ్గిపోయింది. "లోపల గడియ ఉంది."

 లోహిత వీపు వెనక ట్యాంకు ఒకసారి దగ్గింది.

"ఎవరది?" తలుపు మీద దబదబా కొట్టాడు. "లోపలెవరు? పేరు చెప్పు!"

మూడొందల ఏళ్ళ కిందట అచ్చాపీసుల తలుపుల మీద ఎలా కొట్టేవారో లోహిత ముప్పై రెండు పేజీలు రాసింది. కొట్టినప్పుడు లోపలివాడి గుండె ఎలా కొట్టుకుంటుందో మాత్రం ఒక్క లైనూ రాయలేదు. నాలుక చివర రెండు పేర్లున్నాయి. ఒకటి రాసిన చేతిది, ఒకటి చెప్పిన నోటిది. రెంట్లో ఏది చెప్పినా సాయంత్రానికి తన గది తనకుంటుంది. పుస్తకాలుంటాయి. థీసిస్ ఉంటుంది. డబ్బా మూత మీద చుక్కల అక్షరాలు ఆమె బొటనవేలికి గరుగ్గా తగులుతున్నాయి.

"పేరు!"

"లోహితని, అంకుల్," అంది లోహిత.

 బయట శేషగిరిరావు గట్టిగా ఊపిరి వదిలాడు. "చూశావా వెంకట్? ఫోటో తియ్యి. ఫోన్ తియ్యి ముందు. లోహితా, గడియ తీసి బయటికి రా. ఇప్పుడే సామాను సర్దుకో."

లోహిత గడియ మీద చేయి పెట్టింది. అప్పుడు వినిపించాయి మెట్ల మీద ఇంకో అడుగులు. తొందర లేని అడుగులు. పడిపోయాయన్న మోకాళ్ళు ఒక్కొక్క మెట్టే, ఎక్కడా ఆగకుండా ఎక్కి వచ్చాయి.

"వెంకట్, నువ్వు ఆ ఫోన్ జేబులో పెట్టి కిందికెళ్ళు, నాయనా," అంది నాగరత్నం. "ఆ పిల్ల పట్టదు అందులో. పట్టే మనిషిని అందులో దాచింది నేనే. ఇందాక గాలి అన్నానే, అది ఆ మనిషే. ఏవండీ, ఆ స్క్రూడ్రైవర్ ఇటివ్వండి. మీతో మాట్లాడాలి."